మా పద్మిని మెతకబడింది

పాత కారు ఉన్న ఇంట్లో వాళ్ళకి కొన్ని అలవాటైపోతాయి. తలుపు కిర్రుమంటే కిర్రుమననీ అనుకుంటాం. వైపరు తిరగకపోతే వాన తగ్గేదాకా ఏ చెట్టు కిందో ఆగుతాం. హారన్ మూగబోతే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద దరువేసుకుంటూ ఇల్లు చేరతాం. బ్రేకు పెడలు మెత్తబడితే మాత్రం అలా సర్దుకుపోవడానికి లేదు.

మాది కొత్వాల్‌గూడ. ఒకపక్క హిమాయత్‌సాగర్, ఇంకోపక్క ఔటర్ రింగురోడ్డు. నెత్తిమీద శంషాబాద్ విమానాలు. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక మా చుట్టుపక్కల మారనిదంటూ లేదు గానీ, మా పెరట్లో వేపచెట్టు కింద రేకుల షెడ్డూ, అందులో మా మామయ్య కారూ మాత్రం అలాగే ఉన్నాయి. 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. కాగితాల మీద పద్మినే కానీ హైదరాబాదులో దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అది ‘ఫియట్’. ఇటలీవాళ్ళ ఫియట్ 1100 కారునే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసి, 1970లలో పద్మిని అని పేరు పెట్టింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరురాడ్డు, ముందు బెంచీ లాంటి సీటు. నా పెళ్ళయిన కొత్తల్లో ఆ సీటు మీద మామయ్య, అత్తమ్మ, నేను ముగ్గురం కూర్చుని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళేవాళ్ళం.

మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ కారును 1991లో ఓ ఆఫీసరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. ఇప్పుడాయనకు డెబ్భై ఆరేళ్ళు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. డ్రైవింగు నేర్చుకున్నది ఈ కారు మీదే, నేర్పింది ఆయనే. మావారు పుణెలో ఉద్యోగం, నెలకోసారి వస్తారు. కనుక ఇంట్లో కారు సంగతులన్నీ మామా కోడళ్ళవే.

సంక్రాంతి ముందు బ్రేకు పెడలు కాస్త కిందికి దిగుతోందని మామయ్య కారును మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళారు. లైనర్లు అరిగిపోయాయని చెప్పి నాలుగు చక్రాలకూ కొత్తవి వేశారు. పెడలు పైకొచ్చింది. వారం రోజులు బ్రహ్మాండంగా ఉంది. ఎనిమిదో రోజు శంషాబాద్ నుంచి కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చి, తాళంచెవి బల్ల మీద పెడుతూ అన్నారు: “బిడ్డా, పెడలు అన్నం ముద్ద లెక్క తగుల్తుందే.”

మళ్ళీ షెడ్డుకు వెళ్ళాం. వాళ్ళు డబ్బాలో బ్రేకాయిలు పోసి, నాలుగుసార్లు తొక్కి చూసి, “పాత బండి కదా, ఇట్లనే ఉంటది” అన్నారు. ఆ మాటతో మా ఇద్దరికీ తృప్తి కలగలేదు కానీ, నమ్మి బయల్దేరాం. ఔటర్ సర్వీసు రోడ్డు దిగే వాలులో మేకల మంద అడ్డొచ్చింది. మామయ్య బ్రేకు తొక్కితే పెడలు దాదాపు నేలకు దిగింది. రెండోసారి సగం దాకా వచ్చింది. మూడోసారికి పట్టుకుంది. ఈలోగా ఆయన చెయ్యి గేరు మార్చేసింది. చివరి మేకకూ మా బంపరుకూ మధ్య మూరెడు దూరం. మా ఇద్దరి మధ్య కూర్చున్న మా చిన్నోడు “తాతా, మళ్ళా చెయ్” అన్నాడు. వాడికి అదో ఆట!

ఇంటికొచ్చాక మామయ్య తాళంచెవిని దేవుడి పటం పక్కన మేకుకు తగిలించారు. “కారణం దొరికేదాంక బండి కదల్ది” అన్నారు.

ఆ రాత్రి ఫోనులో మావారు మరో మాట అన్నారు. “ఎందుకీ తలనొప్పి? స్క్రాపుకిచ్చేయండి. నాన్న కూడా ఇక నడపడం మానేస్తే మంచిది.” ఇది కొత్త మాటేం కాదు. ఇలాంటి కారుకు అయిదేళ్ళకోసారి రవాణా శాఖ తనిఖీ చేయించుకుని రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కిందికి రావాలంటే యాభై ఏళ్ళు నిండాలి. మా పద్మినికి ఇంకా కాస్త తక్కువ. పైగా మూడు వారాల్లో మా ఆడపడుచు డాలస్ నుంచి వస్తోంది. “ఎయిర్‌పోర్టుకి ఫియట్‌లోనే రావాలె నాయినా” అని తను ముందే చెప్పింది. కూతురు అడిగింది కాబట్టి తండ్రి కాదనరు. బ్రేకు బాగు కాకుండా కారును బయటికి తీయనివ్వకూడదని నేనూ నిశ్చయించుకున్నాను. 

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. టీచరుద్యోగం కదా, ఓర్చుకోండి.

మనం పెడలు తొక్కితే చక్రం దగ్గర బ్రేకు పట్టేది తీగ లాగడం వల్ల కాదు, నూనె తోయడం వల్ల. పెడలు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల్లోని బ్రేకాయిలు ద్వారా నాలుగు చక్రాల దగ్గరున్న చిన్న సిలిండర్లకు చేరుతుంది. అవి లైనర్లను రెండు వైపులా తోసి డ్రమ్ముకు ఆనిస్తాయి. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని పదిహేడో శతాబ్దంలోనే ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. దాన్ని కారు బ్రేకులోకి తెచ్చింది మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికావాడు. తమ్ముడు ఆలన్‌తో కలిసి 1913లో సొంతంగా విమానం తయారుచేసి ఎగరేసిన మనిషి. తర్వాత విమానాలు తమ్ముడికొదిలేసి బ్రేకుల మీద పడ్డాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇలాంటి బ్రేకులతో వచ్చింది. ఈ సంగతి చెబితే మామయ్య ఆకాశంలోకి చూసి, “అయితే గీ ఇమానాలకు మన ఫియటు సుట్టమే అన్నట్టు” అన్నారు.

నూనెను తోస్తే అది నలగదు, తోసినంతా అవతలికి చేరుతుంది. గాలి నలుగుతుంది. గొట్టంలో ఒక్క గాలిబుడగ ఉన్నా మన కాలి బలం ముందు ఆ బుడగను నలపడానికే ఖర్చయిపోతుంది. కాలికి స్పంజి తొక్కినట్టుంటుంది. ఆర్టీసీ బస్సు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. బస్సుది ఎయిర్ బ్రేకు, దానికి గాలే బలం. “ముప్పై ఏండ్లు గాలిని నమ్ముకొని బతికిన. గీడ గాలే దుష్మన్ అయింది” అని మామయ్య నవ్వారు.

ఆయన రోగాన్ని వెతికిన తీరు నాకు బాగా నచ్చింది. ఒక్క సామాను కూడా విప్పకముందే మూడు పరీక్షలు పెట్టారు.

మొదటిది, పెడలును వెంటవెంటనే నాలుగుసార్లు తొక్కడం. అలా తొక్కితే పైకొచ్చి రాయిలా గట్టిపడితే, లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైందని అర్థం. అది సరిచేసుకుంటే చాలు. పైకొచ్చినా ఇంకా స్ప్రింగులా ఆడుతుంటే లోపల గాలి ఉన్నట్టు. మాది పైకొచ్చి ఆడుతోంది. (పెడలు గట్టిగా ఉండీ బండి ఆగకపోవడం వేరే జబ్బు. హిమాయత్‌సాగర్ గేట్లెత్తిన రోజుల్లో సర్వీసు రోడ్డు మీది నీళ్ళలోంచి వస్తే డ్రమ్ములు తడిసి అలా అవుతుంది. కాస్త దూరం మెల్లగా తొక్కుతూ పోతే ఆరిపోతుంది.)

రెండోది, పెడలును నిలకడగా తొక్కిపట్టి ఉంచడం. “నూరు లెక్కపెట్టు బిడ్డా, బలం తగ్గియ్యకు” అని నన్ను కూర్చోబెట్టారు. ముప్పై దాటేసరికి పెడలు లిఫ్టులా మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. అంటే ఒత్తిడి ఎక్కడినుంచో తప్పించుకుపోతోంది. నూనె బయటికి కారుతుండాలి, లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగి నూనె వెనక్కి జారుతుండాలి.

నిజానికి ఆ పరీక్షకు ముందు ఆయనే కూర్చున్నారు. పది లెక్కపెట్టి లేచి, నన్ను పిలిచారు. ఎందుకని నేనడగలేదు.

మూడో పరీక్షకు మీరు చదువుతున్న పేపరే పనికొచ్చింది. రాత్రి నాలుగు చక్రాల కిందా, ఇంజను కిందా పాత పేపర్లు పరిచాం. బ్రేకాయిలు కారితే పొద్దుటికి మరక కనబడుతుంది. పొద్దున్నే చిన్నోడు టార్చిలైటుతో దూరి చూసొచ్చాడు. ఇంజను కింద రెండు నల్లటి చుక్కలు. అది ఇంజనాయిలు, వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డు చూసే తెలిసిపోయింది. చక్రాల కింద మరకే లేదు.

షెడ్డువాళ్ళకు ఫోను చేసి చెబితే, “అయితే మాస్టర్ సిలిండరే పోయింది, కొత్తది వేద్దాం” అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. బయట కారడం లేదు కాబట్టి లోపలే పోయిందనే కదా ఎవరైనా అనుకునేది. మామయ్య ఒప్పుకోలేదు. ఆయన ప్రశ్న ఒక్కటే: “డబ్బాల ఆయిలు గోరంత తగ్గింది. లోపల్లోపల జారితే ఎందుకు తగ్గాలె?” 

నాకా ప్రశ్న తరగతిలో ఏ పిల్లాడూ ఇంతవరకూ అడగనంత మంచి ప్రశ్న అనిపించింది.

ఆదివారం పొద్దున కారును జాకీ మీద లేపి, ఎత్తిన వైపు స్టాండు పెట్టి, ఒక్కో డ్రమ్మే విప్పాం. వెనక ఎడమ చక్రం దగ్గర సిలిండర్‌కు రెండు చివర్లా దుమ్ము పడకుండా రబ్బరు తొడుగులుంటాయి. పైకి అంతా పొడిగానే ఉంది. మామయ్య స్క్రూడ్రైవరు మొనతో ఆ తొడుగు అంచును కొంచెం ఎత్తారు. లోపల దాక్కున్న బ్రేకాయిలు బొటబొటా రెండు చుక్కలు రాలింది. దొంగ దొరికాడు! తొడుగు నిండేదాకా కారినదంతా అందులోనే ఉంది. పేపరు మీదికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరి వారం రోజులు బాగానే ఉన్నది అకస్మాత్తుగా ఎందుకు కారింది? అదీ చెప్పారు. పాత లైనర్లు అరిగేకొద్దీ సిలిండర్‌లోని పిస్టన్లు బయటివైపుకు జరిగి, ఏళ్ళ తరబడి అక్కడక్కడే ఆడుతుంటాయి. వాటి వెనక, అవి వదిలేసిన చోట చెమ్మ చేరి తుప్పు పడుతుంది. కొత్త లైనర్లు మందంగా ఉంటాయి కనుక వాటిని బిగించడానికి పిస్టన్లను లోపలికి నొక్కేస్తారు. నున్నటి చోట తిరిగిన రబ్బరు కప్పు వెళ్ళి గరుకు చోట కూర్చుంటుంది. వారంలో చీరుకుపోతుంది. అంటే కొత్త లైనర్లే పాత జబ్బును బయటపెట్టాయన్నమాట. షెడ్డువాళ్ళు లైనర్లు సరిగానే వేశారు. తొడుగు ఎత్తి చూసి ఉంటే మేకల మంద దగ్గర మాకా మూడు తొక్కులు తప్పేవి, అంతే.

సిలిండర్‌లోకి చెమ్మ ఎలా వస్తుందంటారా? బ్రేకాయిలే తెస్తుంది. శ్రావణమాసంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వేడికి గానీ మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డులో వరసగా బ్రేకులు తొక్కుతూ దిగితే చక్రాల దగ్గర వేడికి అది మరిగి ఆవిరి బుడగలవుతుంది, పెడలు చటుక్కున మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకోసారి బ్రేకాయిలు మార్చమంటారు. తేనె రంగులో ఉండాల్సింది మా డబ్బాలో కాఫీ డికాక్షన్‌లా ఉంది.

సామాను కోసం పుత్లీబౌలి వెళ్ళాం, బస్సులో. కౌంటరు మీది ముసలాయన “ఫియట్‌కా? కిట్ హోనా యా పూరా సిలిండర్?” అని అడిగారు. కిట్ అంటే రబ్బరు కప్పులు, తొడుగులు మాత్రమే. మామయ్య జేబులోంచి మా పాత సిలిండర్ తీసిచ్చారు. ఆయన అందులో చిటికెన వేలు పెట్టి గోటితో గీరి, “గోరు తగులుతోంది, కిట్ దండగ” అనేశారు. చవగ్గా అయ్యే బేరాన్ని తనే వద్దన్న దుకాణదారును చూసి చాలా రోజులైంది. వెనక చక్రాలు రెంటికీ కొత్త సిలిండర్లు తీసుకున్నాం. ఎడమది పోయాక కుడిది ఎన్నాళ్ళుంటుంది?

బిగించేటప్పుడు మామయ్య పెట్టిన నియమాలు రెండు. పెట్రోలు, కిరోసిన్ దగ్గరికి రాకూడదు. వాటితో కడిగితే బ్రేకు రబ్బర్లు పూరీల్లా ఉబ్బుతాయి. బ్రేకాయిలు రంగు మీద పడితే ఆ క్షణమే నీళ్ళు పొయ్యాలి, లేకపోతే పెయింటు ఊడుతుంది. నీళ్ళ చెంబుతో అత్తమ్మ కాపలా కూర్చున్నారు.

ఇక గాలి తియ్యడం. ఇది ఒంటరిగా చేసే పని కాదు. ఒకరు పెడలు దగ్గర, ఒకరు చక్రం దగ్గర ఉండాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. సిలిండర్ వెనక ఉండే చిన్న నిపుల్‌కు మెడికల్ షాపులో కొన్న సెలైను గొట్టం తగిలించి, రెండో కొసను గాజు సీసాలో పోసిన బ్రేకాయిలులో ముంచారు. పెడలు కింద ఓ చెక్కముక్క పెట్టారు. ఎందుకంటే, పాత మాస్టర్ సిలిండర్‌లో పెడలును ఎప్పుడూ దిగనంత లోతుకు తొక్కితే దాని కప్పు కూడా ఇలాగే తుప్పు చోటికి పోయి చీరుకుపోతుందట. ఒక జబ్బు కుదురుస్తూ ఇంకో జబ్బు తెచ్చుకోవడమంటే అదే.

“తొక్కు.” తొక్కాను. “పట్టు.” పట్టాను. ఆయన నిపుల్ వదులు చేశారు. పెడలు కిందికి దిగింది, సీసాలో బుడగలు సోడా పొంగినట్టు వచ్చాయి. నిపుల్ బిగించాక “ఇడువు.” వదిలాను. మళ్ళీ తొక్కు, పట్టు, ఇడువు. బిగించకముందే వదిలితే బయటి గాలిని పీల్చుకుంటుంది, చేసిందంతా మొదటికొస్తుంది. బుడగలు లెక్కపెట్టే పని చిన్నోడిది. డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోసే పని అత్తమ్మది. మొదటి చక్రానికే అరగంట పట్టింది. నాలుగో చక్రం అయ్యేసరికి నా కుడికాలు పిక్క పట్టేసింది.

చివర్న మళ్ళీ నూరు లెక్కపెట్టాను. నూరయ్యాక ఇంకో యాభై. పెడలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మావారికి ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “బ్రేకు సరే, నాన్న కాలు సంగతేంటి?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటి కార్లలో కాలి బలానికి ఇంజను సాయం చేసే బూస్టరుంటుంది. బ్రేకు గొట్టాలూ రెండు భాగాలుగా ఉంటాయి, ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. అమెరికాలో 1968 నుంచే అలా ఉండాలని రూలు. మా పద్మినికి ఆ రెండూ లేవు. ఒకటే గొట్టం వరస, ఒకటే కాలు. పది లెక్కపెట్టి లేచిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఈ మాట ఆయనతో ఎలా అనాలో రెండు రోజులు ఆలోచించాను. 

అనాల్సిన అవసరం రాలేదు. ట్రయలుకు బయల్దేరిన రోజున మామయ్య మేకుకున్న తాళంచెవి తీసి, నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నారు. “మోకాలు జర సతాయిస్తుంది” అన్నారు, వాతావరణం గురించి చెప్పినట్టు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూశారు, ఏమీ అనలేదు.

మిగిలిన సెలైను గొట్టం ముక్కను బడికి తీసుకెళ్ళాను. రెండు సిరంజీల మధ్య దాన్ని బిగించి నీళ్ళు నింపి, పిల్లలకిచ్చాను. ఒకడు నొక్కితే రెండోవాడి చేతిలోది లేస్తుంది. తర్వాత ఓ గాలిబుడగను లోపలికి వదిలి మళ్ళీ నొక్కమన్నాను. “టీచర్, మెత్తగైంది!” అని అరిచారు. పాస్కల్ సూత్రం ఇన్నేళ్ళుగా చెబుతున్నాను గానీ, తరగతి అంత గోల ఎప్పుడూ చెయ్యలేదు.

ఆడపడుచు విమానం తెల్లవారుజామున దిగింది. సామాను ఎక్కువై రెండు పెట్టెలు టాప్ మీద కట్టాల్సి వచ్చింది. తండ్రి ఎడమవైపు కూర్చోవడం చూసి తను ఓ క్షణం ఆగి, నా వంక చూసి, వెనక సీట్లో ఎక్కింది. ఎయిర్‌పోర్టు రోడ్డు దిగి మా సర్వీసు రోడ్డులోకి తిరిగాను. మొన్న మేకలొచ్చిన వాలు దగ్గరికి రాగానే మామయ్య కుడికాలు ఖాళీ నేలను గట్టిగా తొక్కింది.

“జర ముందుగాల్నే తొక్కు బిడ్డా,” అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “టాప్ మీద బరువుంది.”